లోకల్ డెలివరీకి ఏ ఆప్షన్ ఎందుకు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డవ్‌కాట్-ఎల్‌డీఏ (సర్వర్‌కు చేరిన మెయిల్‌ను యూజర్ మెయిల్‌బాక్సులో వేసే ప్రోగ్రాము) గురించే, అదీ మెయిల్‌ను అందుకుని దానికి అప్పగించే పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌తో కలిపి నడిపేవారి నుంచి. ఆప్షన్లను, సెట్టింగులను పలికినట్టే రాశాం. టైపు చేసేటప్పుడు ఆప్షన్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే.

ప్రశ్న: -ఎఫ్, -ఏ, -డి మూడింటికీ ఇచ్చేది చిరునామాలే కదా. ఒక్క -డి ఇస్తే సరిపోదా?

మెయిల్ చేరుతుంది, కానీ సరిపోదు. ఎల్‌డీఏ చేతికి స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో అందేవి హెడర్లు, బాడీ మాత్రమే. ఎస్‌ఎమ్‌టీపీలో (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే పద్ధతిలో) జరిగిన మాటామంతీ, అంటే కవరు మీద ఎవరి పేరు ఉందన్నది, అందులో ఉండదు. 'టు' హెడర్ చూసి పోల్చుకోవడం కుదరదు. బీసీసీలో వచ్చినదాన్నో మెయిలింగ్ లిస్టు నుంచి వచ్చినదాన్నో తీసి చూడండి, అసలు గ్రహీత పేరు ఆ హెడర్‌లో కనపడదు. కవరు వివరాలు పోస్ట్‌ఫిక్స్ చెబితేనే ఎల్‌డీఏకు తెలుస్తాయి.

-ఎఫ్ పంపినవారి కవరు చిరునామా. సెలవు సందేశాలు, తిరస్కరణలు దానికే వెళ్తాయి. -ఏ గమ్య చిరునామా, ప్లస్ గుర్తు తర్వాతి భాగంతో సహా. అది ఇవ్వకపోతే యూజర్ పేరునే చిరునామాగా తీసుకుంటుంది కాబట్టి, ప్లస్ తర్వాతి మాటను బట్టి పనిచేసే సీవ్ (మెయిల్‌ను వేరుచేసే స్క్రిప్టు భాష) నియమాలన్నీ దెబ్బతింటాయి. -డి ఎవరి మెయిల్‌బాక్సో చెబుతుంది. ఇది ఇచ్చినప్పుడే ఎల్‌డీఏ యూజర్‌డీబీని (యూజర్ల వివరాలుండే డవ్‌కాట్ జాబితాను) అడిగి యూఐడీ (యూజర్ నంబరు), హోమ్ డైరెక్టరీ తెలుసుకుంటుంది.

సిస్టమ్ యూజర్లకు (సర్వర్‌లో సొంత ఖాతా ఉన్నవారికి) పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్ మెయిల్‌బాక్స్_కమాండ్ ద్వారా నడుపుతుంటే -డి అక్కర్లేదు, పోస్ట్‌ఫిక్స్ ఆ గ్రహీత యూఐడీతోనే ప్రోగ్రామును నడుపుతుంది. -ఎఫ్‌కు సెండర్ వేరియబుల్, -ఏకు రెసిపియెంట్ వేరియబుల్ ఇవ్వండి, రెండిటికీ డబుల్ కోట్స్ తప్పనిసరి. కోట్స్ లేనప్పుడు సెండర్ విలువ ఖాళీగా వచ్చిందంటే, పక్కనున్న -ఏనే -ఎఫ్ తన విలువగా మింగేస్తుంది. రూట్ (సర్వర్ నిర్వాహక ఖాతా) పేరిట వచ్చే మెయిల్‌ను మాత్రం ఏలియాస్‌తో (మారు చిరునామాతో) మామూలు యూజర్‌కు మళ్లించాలి. రూట్ మెయిల్ కోసం పోస్ట్‌ఫిక్స్ ఈ కమాండ్‌ను రూట్‌గా నడపదు.

వర్చువల్ యూజర్లకు (సర్వర్‌లో సొంత ఖాతా లేనివారికి) పైప్ ట్రాన్స్‌పోర్ట్ (మెయిల్‌ను బయటి ప్రోగ్రాముకు అందించే పోస్ట్‌ఫిక్స్ దారి) వాడి, అంతా వీమెయిల్ అనే ఒకే ఖాతా కింద నడిపిస్తుంటే -డి లేకుండా కుదరదు. మరిచిపోతే ఊరంతటి మెయిలూ వీమెయిల్ సొంత మెయిల్‌బాక్సులో పడుతుంది, ఎర్రర్ కూడా రాదు. అదే రూట్‌గా నడిస్తే -డి ఇవ్వలేదని చెప్పి 64 ఎగ్జిట్ కోడ్‌తో (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే అంకెతో) ఆగిపోతుంది.

ప్రశ్న: ఒక్కరికి పంపితే చేరుతోంది. ఇద్దరికి పంపితే 'అన్‌నోన్ ఆర్గ్యుమెంట్' అని బౌన్స్ అవుతోంది. ఎందుకు?

పైప్ ట్రాన్స్‌పోర్ట్ ఒకే విడతలో పలువురు గ్రహీతలను అందించగలదు, మామూలు పరిమితి 50. గ్రహీతలు ఎందరుంటే యూజర్ మాక్రో (పోస్ట్‌ఫిక్స్ అసలు పేరు నింపే చోటు) అన్ని ఆర్గ్యుమెంట్లుగా విడిపోతుంది. మొదటి పేరును -డి తీసుకుంటుంది, రెండోది దిక్కులేకుండా మిగిలిపోతుంది. పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో డవ్‌కాట్_డెస్టినేషన్_రెసిపియెంట్_లిమిట్ విలువను 1 చేయండి. ఆ సెట్టింగ్ పేరులో మొదటి మాట, పోస్ట్‌ఫిక్స్ సర్వీసుల ఫైలు మాస్టర్.సీఎఫ్‌లో మీరు ట్రాన్స్‌పోర్ట్‌కు పెట్టిన పేరు కావాలి. పేరు వేరుగా ఉంటే ఈ లైను ఉన్నా లేనట్టే.

ప్రశ్న: యూజర్‌డీబీ లుకప్ విఫలమవుతోంది. మెయిలంతా డిఫర్డ్ క్యూలో (మళ్లీ ప్రయత్నించేందుకు ఆపిన వరుసలో) పేరుకుపోయింది. ఆథ్-యూజర్‌డీబీ సాకెట్ (ప్రోగ్రాములు మాట్లాడుకునే ద్వారం) పర్మిషన్ 0666 ఉన్నా ఇదెలా?

0666 అంటే ఎవరైనా తలుపు తట్టవచ్చు, జవాబు మాత్రం అందరికీ రాదు. అడిగే ప్రాసెస్ యూఐడీ, యూజర్‌డీబీ తిరిగి ఇచ్చే యూఐడీ ఒకటైతేనే లుకప్ ఫలిస్తుంది. మీ ఎస్‌క్యూఎల్ పట్టికలో యూఐడీ 5000 అని ఉండి, మాస్టర్.సీఎఫ్ యూజర్ వేరొకరైతే ఇదే జరుగుతుంది. ముందు ఆ రెండూ ఒకటో కాదో చూడండి. సర్వీస్ ఆథ్ బ్లాకులో ఆ సాకెట్‌కు మోడ్ 0600, యూజర్ వీమెయిల్ అని పెట్టడం శుభ్రమైన పద్ధతి. సాకెట్ ఓనర్‌తో యూఐడీ కలిసినా లుకప్‌కు అనుమతి ఉంటుంది.

ఒక్కో యూజర్‌కు ఒక్కో యూఐడీ ఉన్న ఏర్పాటులో ఇది చాలదు. వీమెయిల్‌గా మొదలైన ప్రాసెస్ మరొకరి యూఐడీలోకి మారలేదు. అప్పుడు ఎల్‌డీఏను సెట్‌యూఐడీ-రూట్ (ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచేది) చేయాల్సి వస్తుంది, కానీ పర్మిషన్ 4755 పెట్టకండి. అందరూ నడపగల సెట్‌యూఐడీ-రూట్ ప్రోగ్రాముగా ఉంటే ఎల్‌డీఏ తనే పనిచేయనంటుంది, అది మంచిదే. గ్రూపును పరిమితం చేసి 4750 ఇవ్వండి. ఇంతదాకా వచ్చినవారికి మా సలహా, ఎల్‌ఎమ్‌టీపీకి (ఎప్పుడూ నడుస్తుండే డవ్‌కాట్ సర్వీసుకు పోస్ట్‌ఫిక్స్ మెయిల్ అందించే పద్ధతికి) మారండి. సెట్‌యూఐడీ గొడవ ఉండదు, ఒక్కో మెయిల్‌కు కొత్త ప్రాసెస్ పుట్టదు, ఒక్కో గ్రహీతకు విడిగా జవాబు వస్తుంది.

ప్రశ్న: -ఎంకు (ఫోల్డర్ పేరు చెప్పే ఆప్షన్‌కు) ఎక్స్‌టెన్షన్ (ప్లస్ తర్వాతి భాగం) మాక్రో ఇచ్చాను. ప్లస్ తర్వాత ఫోల్డర్ పేరు రాసినా ఇన్‌బాక్స్‌లోనే పడుతోంది.

ఆ ఫోల్డర్ ముందే ఉండాలి. లేకపోతే ఎల్‌డీఏ సృష్టించదు, మెయిల్‌ను ఇన్‌బాక్స్‌లో వేస్తుంది. ఫోల్డర్ ఉన్నా పడటం లేదంటే పైప్ ఫ్లాగుల్లో 'యు' ఉందేమో చూడండి. అది ఎక్స్‌టెన్షన్‌ను కూడా చిన్న అక్షరాల్లోకి మార్చేస్తుంది, మీ ఫోల్డర్ పేరేమో పెద్ద అక్షరంతో మొదలై ఉండవచ్చు. పోస్ట్‌ఫిక్స్‌లో రెసిపియెంట్_డీలిమిటర్ (పేరును, ఎక్స్‌టెన్షన్‌ను విడదీసే గుర్తు) సెట్ చేయకపోతే ఎక్స్‌టెన్షన్ ఎప్పుడూ ఖాళీయే.

డవ్‌కాట్‌లో ఎల్‌డీఏ_మెయిల్‌బాక్స్_ఆటోక్రియేట్ 'ఎస్' (అవును) చేస్తే ఫోల్డర్ దానంతటదే పుడుతుంది. -ఎంతో కలిపి మాత్రం అలా చేయొద్దు. బయటివాళ్లు ఎవరైనా మీ యూజర్ ఖాతాలో తోచిన పేరుతో ఫోల్డర్లు పుట్టించగలుగుతారు. సీవ్ స్క్రిప్ట్ ఫోల్డర్ నిర్ణయిస్తే ఆ మాటే చెల్లుతుంది, ఏమీ చెప్పని మెయిల్‌కే -ఎం వర్తిస్తుంది.

ప్రశ్న: మెయిల్‌బాక్స్_కమాండ్‌తో నెలల తరబడి బాగా నడిచింది. ఏ మార్పూ చేయకుండానే అందరికీ డెలివరీ ఆగిపోయింది. డిస్కులో బోలెడంత చోటుంది.

ఎల్‌డీఏ రాసే లాగ్ ఫైలు సైజు చూడండి. పోస్ట్‌ఫిక్స్‌లోని మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్ (మామూలుగా 5,12,00,000 బైట్లు) మెయిల్‌బాక్సుకే కాక, ఆ ప్రాసెస్ రాసే ప్రతి ఫైలుకూ వర్తిస్తుంది. లాగ్ ఆ హద్దు చేరగానే రాయడం కుదరదు, లాగ్ రాయలేని ఎల్‌డీఏ తాత్కాలిక వైఫల్యం, అంటే 75, ఇచ్చి తప్పుకుంటుంది. లాగ్‌ను రొటేట్ చేయండి. సిస్‌లాగ్‌కు (సిస్టమ్ ఉమ్మడి లాగ్‌కు) మళ్లిస్తే ఈ బెడద శాశ్వతంగా పోతుంది. లాగ్ ఫైలు రూట్ పేరిట ఉండి యూజర్‌కు రాసే అనుమతి లేకపోయినా లక్షణం ఇదే.

ప్రశ్న: -ఈ పెట్టాలా, వద్దా?

పెట్టండి. అది లేకపోతే మెయిల్‌ను తిరస్కరించినప్పుడు ఎల్‌డీఏ తనే ఒక తిరస్కరణ మెయిల్ పంపుతుంది. ఉంటే కారణాన్ని స్టాండర్డ్ ఎర్రర్‌లో రాసి 77 ఇస్తుంది, బౌన్స్ సంగతి పోస్ట్‌ఫిక్స్ చూసుకుంటుంది, అన్నీ ఒకే లాగ్‌లో కనిపిస్తాయి. కోటా నిండినప్పుడు తిప్పికొట్టకుండా కొంతకాలం ఆపాలనుకుంటే అది ఆప్షన్ పని కాదు, కోటా_ఫుల్_టెంప్‌ఫెయిల్ 'ఎస్' చేయాలి.

ప్రశ్న: నిజం మెయిల్‌ను ఫణంగా పెట్టకుండా ఆప్షన్లను పరీక్షించడం ఎలా?

మొదట పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్_బౌన్స్ 'ఎస్' చేయండి. 64 వంటి కోడ్ శాశ్వత వైఫల్యం కింద లెక్క, ఆప్షన్‌లో ఒక్క అక్షరం తప్పినా వచ్చిన మెయిలంతా పంపినవారికి తిరిగిపోతుంది. ఈ సెట్టింగ్ ఉంటే క్యూలోనే ఆగుతుంది. తర్వాత సుడోతో వీమెయిల్ యూజర్‌గా మారి, మాస్టర్.సీఎఫ్‌లోని ఆర్గ్యుమెంట్లనే యథాతథంగా, మాక్రోల చోట అసలు విలువలు పెట్టి నడపండి. రూట్‌గా పరీక్షిస్తే పర్మిషన్ తప్పులేవీ బయటపడవు. పరీక్ష మెయిల్‌ను -పితో ఇవ్వొచ్చు గానీ, మెయిల్‌డిర్‌లో (ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా దాచే పద్ధతిలో) అది వీలైతే హార్డ్ లింక్ (కాపీ లేకుండా అదే ఫైలుకు మరో పేరు) చేస్తుంది, అసలు డెలివరీ దారి అది కాదు. కాబట్టి ఫైలును స్టాండర్డ్ ఇన్‌పుట్‌కే మళ్లించండి. వెంటనే ఎగ్జిట్ కోడ్ చూడండి. 0 అయితే చేరింది, 67 అయితే అలాంటి యూజర్ లేరు, 75 అయితే లాగ్ తెరిచి సాకెట్, పర్మిషన్ల దగ్గర మొదలుపెట్టండి. పని పూర్తయ్యాక సాఫ్ట్_బౌన్స్‌ను తీసేయండి, లేకపోతే చిరునామా తప్పు రాసినవారికి ఆ సంగతి రోజుల తరబడి తెలియదు.