బెయిల్ పిటిషన్లే రాయిస్తున్నారని ప్రాక్టీసు మానేయాలా?

ప్రశ్న: లా పూర్తిచేసి అమలాపురంలో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా చేరాను. బెయిల్ పిటిషన్లు, మెమోలు తప్ప ఇంకేమీ ఇవ్వడం లేదు. క్రాస్ ఎగ్జామినేషన్ ఊసే లేదు. హైదరాబాద్ వెళ్లి ఏదైనా కంపెనీలో చేరమంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు? – రాజోలు నుంచి ఓ జూనియర్

జవాబు: నీకిచ్చిన పని చిన్నదేమీ కాదమ్మా. చాలా కేసుల్లో ముద్దాయి గతి మొదటి సాక్షి బోనెక్కేలోపే సగం తేలిపోతుంది.

రిమాండ్ లెక్కే తీసుకో. బైకు దొంగతనం కేసులో 60 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిల్ ముద్దాయి హక్కు. యావజ్జీవమో, పదేళ్లు ఆపైనో శిక్ష పడే నేరమైతే 90 రోజులు. లెక్క రిమాండ్ చేసిన రోజునూ కలుపుకునే అని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. కానీ అడగనిదే ఇవ్వరు. గడువు దాటాక, ఛార్జిషీటు దాఖలయ్యేలోపే పిటిషన్ పడాలి, షూరిటీలకు సిద్ధంగా ఉండాలి. పొద్దున వేయాల్సింది మధ్యాహ్నం వేద్దాంలే అనుకున్నప్పుడు ఈలోగా ఛార్జిషీటు వచ్చేస్తే ఆ హక్కు పోయినట్టే. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్న మనిషి ఇంటికి రావడం నీ డైరీలో రాసుకున్న ఒక తేదీ మీద ఆధారపడి ఉంటుంది.

ఇక డిశ్చార్జ్ పిటిషన్, అంటే విచారణ మొదలయ్యేలోపే కేసు నుంచో, పెట్టిన సెక్షన్ నుంచో తప్పించమని అడిగేది. నా దృష్టిలో జూనియర్‌కు ఇంతకు మించిన బడి లేదు. చేపల చెరువు గట్టు దగ్గర తోపులాట జరిగి ఒకరి చెయ్యి విరిగిందనుకో. పోలీసులు హత్యాయత్నం, అంటే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 109 పెట్టారు. గాయాల సర్టిఫికెట్, సాక్షుల వాంగ్మూలాలు పక్కపక్కన పెట్టుకుని చదువు. చంపాలన్న ఉద్దేశం ఎక్కడా కనబడకపోతే అది 117(2) కిందికి, తీవ్రగాయం కిందికి వస్తుంది. మొదటిది సెషన్స్ కోర్టులో నడిచే నాన్ బెయిలబుల్ కేసు, రెండోది మేజిస్ట్రేట్ దగ్గర నడిచే బెయిలబుల్ కేసు. ఈ దశలో మన సాక్ష్యం చూపిస్తామంటే కుదరదు. వాళ్ల కాగితాల్లోంచే వాళ్ల కేసులోని లొసుగు పట్టుకోవాలి. ఇది వచ్చినవాళ్లకు రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడగాలో వెతుక్కోనక్కర్లేదు. కేసుల విచారణ పద్ధతికి తెచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో డిశ్చార్జ్ పిటిషన్‌కూ గడువు పెట్టారు: సెషన్స్ కేసైతే మేజిస్ట్రేట్ దాన్ని సెషన్స్ కోర్టుకు పంపిన (కమిట్ చేసిన) నాటి నుంచి 60 రోజులు.

ముందస్తు బెయిల్, కేసునే కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్ కూడా అంతే. ఎఫ్‌ఐఆర్‌ను అక్షరం అక్షరం చదవడమే అసలు పని.

మీ సీనియర్ గారిని రెండు అడుగు. ముగిసిన కేసుల కట్టలు ఇంటికి ఇమ్మను, వచ్చే డిశ్చార్జ్ పిటిషన్ డ్రాఫ్టు నీ చేత రాయించమను. ఏడాది గడిచినా ఒక్క బెయిల్ పిటిషన్‌పై కూడా వాదించనివ్వకపోతే మొహమాటపడకుండా ఇంకో సీనియర్ దగ్గర చేరు.

మొదట్లో చేతికొచ్చేది తక్కువే, నాన్నగారి బెంగ న్యాయమైనదే. ఆయనతో రెండు విషయాలు చెప్పు. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడు మానేస్తే ఆ దారి మూసుకుపోతుంది. లాయర్ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున ఉచితంగా వాదించే, న్యాయ సేవాధికార సంస్థల లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థలో అసిస్టెంట్ పోస్టులు మూడేళ్లలోపు ప్రాక్టీసు ఉన్నవాళ్లకే. నోటిఫికేషన్ వస్తే వదులుకోకు, నెలనెలా గౌరవ వేతనంతో ఇదే పని చేయొచ్చు.