ఆవాలు వేస్తే సీసం పోతుందా?

ప్రశ్న: మాకు 80 సెంట్ల మెట్ట భూమి ఉంది. పక్కనే పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు కొన్నేళ్లు నడిచి మూతపడింది. మొన్న మా పెయ్యదూడ కళ్లు కనపడక, పళ్లు కొరుకుతూ రెండు రోజుల్లో చనిపోయింది. ఒక్క పంట ఆవాలు వేస్తే నేలలో సీసమంతా లాగేస్తుందని వీడియోలో చూశాను. నిజమేనా? – ఓ రైతు, చీపురుపల్లి దగ్గర, విజయనగరం జిల్లా

జవాబు: ముందు ఆవాల సంగతి తేల్చేద్దాం. ఆవ మొక్క సీసాన్ని కొంత పీల్చుకునే మాట నిజమే, కానీ లెక్క వేసి చూడండి. ఎకరంలో పై అరడుగు మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది, అందులో కిలోకి 500 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుంటే మొత్తం 450 కిలోలు. రెండు టన్నుల ఎండు మొక్క వచ్చి, దాంట్లో కిలోకి 100 మిల్లీగ్రాములు చేరినా (అంత చేరడమే ఎక్కువ) ఒక పంటతో పోయేది 200 గ్రాములు. అంటే రెండు వేలకు పైగా పంటలు వేయాలి! వీడియో తీసినాయన ఈ లెక్క చేసి ఉండడు.

సీసం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, అది మనకూ కొంత మేలే. దాన్ని ఉన్నచోటే కట్టేసి, నోట్లోకి రాకుండా చూసుకోవాలి.

సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి, వాటిలో సీసం లేదు, కాబట్టి సీసం పరీక్ష కావాలని ల్యాబులో విడిగా అడగండి. షెడ్డు గోడ పక్కన, పొలం మధ్యలో, అవతలి గట్టు దగ్గర తీసిన మట్టిని వేర్వేరు సంచుల్లో పెట్టండి, కలిపేస్తే అసలు చెడ్డచోటు దొరకదు. రిపోర్టు వచ్చేదాకా గోడ పక్క దున్నకండి, దున్నితే అక్కడున్నది పొలమంతా పరుచుకుంటుంది. బ్యాటరీ ప్లేటు ముక్కలు, బూడిద కనిపిస్తే కాలుష్య నియంత్రణ మండలికి రాసివ్వండి. అలాంటి మట్టి విశాఖ దగ్గర పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికే వెళ్లాలి, గెడ్డలో పోయకండి.

మిగతా పొలంలో మట్టి పులుపుగా ఉంటే పరీక్షలో చెప్పిన మోతాదులో సున్నం వేసి పీహెచ్ (మట్టి పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 6.5 పైకి తేవాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, బాగా చివికిన పశువుల ఎరువు కూడా వేయండి, భాస్వరంతో కలిస్తే సీసం నీళ్లలో తేలిగ్గా కరగని రూపంలోకి మారుతుంది.

పంటంటారా, నార కోసం గోగు వేయండి. మన జిల్లాలకు కొత్తది కాదు, విస్తీర్ణం తగ్గిపోయింది గానీ ఆమదాలవలస పరిశోధన స్థానంలో ఇప్పటికీ దాని మీదే పని చేస్తున్నారు. ఒక్కటే షరతు, ఆ చేలో ఆకు తుంచి పచ్చడి చేయకూడదు. గోంగూర కళ్లెదురుగా ఉంటే చెయ్యి ఆగదు, అందుకే ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. ఆకుకూరలు, ముల్లంగి, చిలగడదుంప, వేరుశనగ, పశుగ్రాసం అసలొద్దు. గోగు కట్టలు పశువులు తాగే చెరువులో ఊరబెట్టకండి.

దూడ లక్షణాలు సీసం విషానికి సరిపోతున్నాయి, ఉప్పగా ఉంటాయని పశువులు బ్యాటరీ ప్లేట్లు నాకుతాయి. వేరే జబ్బుల్లోనూ ఇలా జరుగుతుంది కనుక మిగిలిన పశువుల రక్తం ఈ వారమే పశువైద్యుడి చేత పరీక్ష చేయించండి, రిపోర్టు వచ్చేదాకా ఆ పాలు వాడొద్దు, అమ్మొద్దు. పిల్లల సంగతి మీరు రాయలేదు. ఆ షెడ్డు చుట్టుపక్కల ఆడుకునే చిన్నపిల్లలుంటే ముందు వాళ్లకే రక్తంలో సీసం పరీక్ష చేయించండి, పొలం పని తర్వాత చూసుకోవచ్చు.