పసిపిల్లల బడిలో కొలువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నర్సరీ టీచరు శిక్షణ (ఎన్టీటీ) గురించీ, తరగతిలో సహాయకురాలి పని గురించీ ఈ నెల కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ఇంటర్ పాసై రెండేండ్లయింది. పెండ్లయింది, చిన్న పాప ఉంది. మా ఊళ్లో ఒక సంస్థ వాళ్లు ఏడాది ఎన్టీటీ కోర్సు చేస్తే గవర్నమెంటు టీచరు పోస్టుకు కూడా పనికొస్తుందని చెబుతున్నారు. ఫీజు కట్టొచ్చా? (ఒక పాఠకురాలు, ఆదోని)

ఆ మాట చెప్పారంటేనే ఫీజు కట్టకుండా ఆగండి. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు కావాలంటే రెండేళ్ల డీఎల్ఎడ్ (ప్రాథమిక విద్యలో డిప్లొమా), ఆ తర్వాత టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్షలో పేపర్ 1ఏ, ఆపైన నియామకానికి డీఎస్సీ పరీక్ష. ఈ దారిలో ఎన్టీటీకి చోటు లేదు. ఎన్టీటీ మాట అటుంచండి, బీఎడ్ చేసినవాళ్లు కూడా ప్రాథమిక తరగతులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. డీఎల్ఎడ్‌కు డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్‌లో 50 శాతం మార్కులు ఉండాలి (ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది). మన వైపు ఈ కోర్సు చెప్పే ప్రభుత్వ డైట్ కళాశాలలు కర్నూలు పక్కన బి.తాండ్రపాడులో, బుక్కపట్నంలో, రాయచోటిలో ఉన్నాయి.

ప్రైవేటు ప్లేస్కూల్లో చేయాలన్నదే మీ ఆలోచనైతే లెక్క వేరు. పూర్వ ప్రాథమిక విద్యలో ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తించే కోర్సు పేరు డీపీఎస్‌ఈ, అంటే డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్. అది రెండేళ్లు. ఏడాదిలో, ఆరు నెలల్లో ముగిసే ఎన్టీటీలు చాలావరకు ఆయా సంస్థలు సొంతంగా ఇచ్చుకునే సర్టిఫికెట్లే. అవి పనికిరావని కాదు, ప్రైవేటు బడి యజమాని ఒప్పుకుంటే చాలు. కానీ ఆ విషయం తెలిసి కట్టాలి. కరపత్రం మీద ‘గవర్నమెంటు రిజిస్టర్డ్’ అని ఉంటే, సొసైటీగానో ట్రస్టుగానో నమోదు చేయించుకున్నారని మాత్రమే అర్థం. కోర్సుకు గుర్తింపు ఉందా అన్నది వేరే ప్రశ్న. గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమనండి, ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లోని జాబితాలో సంస్థ పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయేమో సరిచూసుకోండి. అదే సంస్థకు బీఎడ్ గుర్తింపు ఉండి ఈ కోర్సుకు లేకపోవచ్చు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

చిన్నపిల్ల తల్లికి మరో రెండు దారులున్నాయి. ఒకటి, ఇగ్నో దూరవిద్యలో ఇచ్చే శిశు సంరక్షణ, విద్య డిప్లొమా. ఇంటర్ ఉంటే చాలు, కనీసం ఏడాది పడుతుంది. చదువుతో పాటు పిల్లలతో చేసి చూపాల్సిన ప్రాజెక్టు పని కూడా ఉంటుంది. రెండోది అంగన్వాడీ. పదో తరగతి పాసై, పెళ్లయి, 21 నుంచి 35 ఏళ్ల లోపు ఉండి, ఆ ఊరి కోడలో ఆడబిడ్డో అయి అక్కడే నివాసం ఉండాలి. మీ ఊరి కేంద్రానికి ఖాళీ పడి నోటిఫికేషన్ వస్తేనే అవకాశం. కాబట్టి అంగన్వాడీలను చూసే ఐసీడీఎస్ ప్రాజెక్టు కార్యాలయంలో అప్పుడప్పుడు కనుక్కుంటూ ఉండండి. అంగన్వాడీ కార్యకర్తల్లో ఇంటర్, ఆపైన చదివినవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్ శిక్షణ, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మీ ఇంటర్ అక్కడ వృథా పోదు.

ఎక్కడ చేరినా సంస్థను ఒకటే అడగండి: తరగతి గదిలో పిల్లల మధ్య ఎన్ని రోజులు కూర్చోబెడతారు? ‘చివర్లో వారం రోజులు’ అంటే చేరకండి. వారంలో పిల్లలు మీ మొహం గుర్తుపట్టడానికే సరిపోతుంది. ఫీజు కట్టకముందే మీ వీధి అంగన్వాడీలోనో, తెలిసిన ప్లేస్కూల్లోనో అడిగి పది రోజులు ఉదయం పూట కూర్చోండి. ఆ ఏడుపులూ ఆ గోలా మధ్య మీకు ఓపిక నిలుస్తుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

ప్రశ్న: ప్రైవేటు బడిలో నర్సరీకి అసిస్టెంటుగా చేరినాను. 24 మంది పిల్లలు, ఒక మేడం, నేను. ‘పిల్లోళ్లను చూసుకో’ అంటారు తప్ప ఏం చేయాల్నో చెప్పరు. (ప్రొద్దుటూరు)

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకైతే ఇరవై మందికి ఒక పెద్దమనిషి, మూడేళ్ల లోపువాళ్లకైతే పదిమందికి ఒకరు ఉండాలని 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెబుతుంది. మీకు ఇద్దరున్నారు కాబట్టి సంఖ్య ఇబ్బంది కాదు. ఇద్దరూ ఒకే పని చేస్తుండటమే అసలు ఇబ్బంది. మేడం పాట చెబుతుంటే మీరూ పక్కన నిలబడి చప్పట్లు కొడుతుంటే రెండో మనిషి ఉండీ లేనట్టే. టీచరు చూపు గుంపు మీద ఉంటుంది, సహాయకురాలి చూపు గుంపు నుంచి జారుతున్న పిల్ల మీద ఉండాలి. అందుకే టీచరుకు ఎదురుగా, పిల్లల వెనక, నేల మీద కూర్చోండి. నిలబడితే మీరు కనపడేది మోకాళ్ల దాకానే.

పిల్లలు కదిలిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టండి: గేటు దగ్గర, ఆటస్థలానికి పోయేముందు, వచ్చాక, మరుగుదొడ్డి నుంచి తిరిగొచ్చాక. అంకె పైకి చెప్పండి, మేడం కూడా వింటారు.

కొట్లాటలు, కొరకడాలు ఎక్కువగా ఎప్పుడు జరుగుతాయో నాలుగు రోజులు గమనించండి. పాఠం మధ్యలో కాదు, ఒక పని ముగిసి ఇంకోటి మొదలయ్యే ఖాళీలో. 24 మందినీ ఒకేసారి చేతులు కడుక్కోమని పంపితే ఇరవై మంది ఊరికే నిలబడతారు. ఊరికే నిలబడ్డ మూడేళ్ల పిల్లవాడు ముందున్నవాడిని తోయక ఏం చేస్తాడు? ఐదుగురు చొప్పున పంపండి. మిగతావాళ్లతో మేడం పాట పాడిస్తుంటారు, మీరు కుళాయి దగ్గర ఉంటారు. చేతులు తడిపి, సబ్బు రాసి, వేళ్ల సందులు, చేతి వెనక, బొటనవేళ్లు రుద్దడానికి 20 సెకన్లు పట్టాలి. ఒక చిన్న పాట రెండుసార్లు పాడితే ఆ సమయం సరిపోతుంది.

తిండి దగ్గర మన సీమవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది చెనక్కాయలు. డబ్బాలో వేయించిన చెనక్కాయలు పంపడం ఇక్కడ మామూలే. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజ గింజగా ఇవ్వకూడదు. వెనక దంతాలతో నమిలే శక్తి ఇంకా రాదు, నవ్వుతూ తింటే గింజ నేరుగా గాలిగొట్టంలోకి పోతుంది. పొడి చేసి, బెల్లంతో కలిపి పంపమనండి. ద్రాక్ష పండ్లైతే నిలువునా చీల్చి పెట్టాలి. ఏడాది దాటిన పిల్లకు గొంతులో ఏమైనా అడ్డుపడి దగ్గలేక, మాట రాక ఉంటే ముందుకు వంచి, రెండు భుజాల నడుమ అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. మార్చి మార్చి చేస్తూనే 108కి ఫోన్ చేయించండి. కనపడని గింజ కోసం నోట్లో వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇది చదివితే రాదు. చేరిన నెలలోనే ప్రథమ చికిత్స తెలిసినవాళ్లతో బొమ్మ మీద చేయించుకుని నేర్చుకోండి.

మరుగుదొడ్డి దగ్గర తలుపు పూర్తిగా మూయకండి, ఇంకో పెద్దమనిషి కనుచూపులో ఉండాలి. అది పిల్లకూ రక్ష, మీకూ రక్ష. ఒంటి మీద అనుమానాస్పద గుర్తులు కనపడినా, పిల్ల ఏమైనా చెప్పినా గుచ్చి గుచ్చి అడగొద్దు. చెప్పిన మాటలు చెప్పినట్టే రాసి, అదే రోజు ప్రధానోపాధ్యాయులకు తెలపండి. పోక్సో చట్టం (2012) ప్రకారం లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పడం తప్పనిసరి. ‘బడి పేరు పోతుంది’ అనేది దాచడానికి కారణం కాదు. పిల్లల సహాయానికి 1098 ఉంది. కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 నిషేధించింది. ఆ చట్టం వర్తించేది ఆరేళ్ల నుంచే కదా అని నర్సరీలో చెయ్యెత్తేవాళ్లున్నారు. ఆరేళ్ల పిల్లను కొట్టకూడదన్నప్పుడు మూడేళ్ల పిల్లను కొట్టొచ్చా?

చివరగా, రోజుకు ఇద్దరు పిల్లల గురించి రెండు వాక్యాలు రాయండి. ‘ఈరోజు అల్లరి చేసింది’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘10:05కి దిమ్మెలు పేరుస్తోంది, పక్కవాడు ఒకటి లాక్కున్నాడు, నెట్టింది, తర్వాత తనే ఒకటి ఇచ్చింది’ అని రాస్తే ఆ పిల్ల ఏం నేర్చుకుంటోందో మేడానికీ అమ్మానాన్నకూ కనపడుతుంది. ఈ పుస్తకం ఆర్నెల్లు నడిపితే, రేపు మీరు టీచరు ఉద్యోగానికి పోయినప్పుడు చేతిలో చూపించడానికి అదే ఉంటుంది.

ప్రశ్న: మా ఎల్‌కేజీ పిల్లల తల్లిదండ్రులు ‘ఇంకా అఆలు రాయలేదేంది?’ అని రోజూ తగులుకుంటారు. యాజమాన్యం కూడా రాయించమంటోంది. ఏం చెప్పాలి? (యెమ్మిగనూరు)

చేతి సంగతి చెప్పండి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. మూడు నాలుగేళ్ల వయసులో వాటిలో చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థే. బలం భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి మణికట్టుకు, చివరకు వేళ్లకు దిగుతుంది. మూడేళ్లకు పిల్ల సున్న గీయగలదు. కూడిక గుర్తు లాంటి అడ్డగీతా నిలువుగీతా నాలుగేళ్లకు, చతురస్రం నాలుగున్నర దగ్గర, త్రిభుజం ఐదుకు వస్తాయి. చతురస్రం గీయలేని చేతితో ‘అ’ మెలిక తిప్పించమంటే పెన్సిల్‌ను పిడికిలితో పట్టి నొక్కుతుంది, వేళ్లు నొప్పెడతాయి, రాయడమంటేనే విసుగు పుడుతుంది. ఆ తప్పు పట్టు ఒకసారి అలవాటైతే రెండో తరగతిలో మాన్పించడం చాలా కష్టం.

అక్షరాభ్యాసంలో బియ్యం మీద వేలు పట్టి దిద్దిస్తాం. వెనకటివాళ్లు సరైన చోటే మొదలుపెట్టారు. మనమే దాన్ని ఒక్కరోజు పూజతో ముగించి, మర్నాడు పెన్సిలు చేతికిస్తున్నాం. ఆ పళ్లాన్ని ఏడాదంతా ఉంచండి: అంచున్న పళ్లెంలో అర అంగుళం మందాన బొంబాయి రవ్వ పోసి, వేలితో గీతలు, సున్నలు, అర్ధచంద్రాలు. వేళ్లకు పని ఇవ్వండి: పాత పేపరు చించడం, బట్టల క్లిప్పులు పెట్టడం తీయడం, తడి స్పాంజి పిండటం, పెద్ద పూసలు దారానికి గుచ్చడం (మూడేళ్ల లోపువాళ్లుంటే 3 సెంటీమీటర్ల కన్నా చిన్నవి వద్దు).

పిండి ముద్ద బడిలోనే చేసుకోవచ్చు. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె కలిపి, కప్పు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పిసకాలి. రంగుకు పసుపు. నీళ్లన్నీ ఒకేసారి పోస్తే జిగటగా మారి చేతికంటుకుంటుంది, అప్పుడు ఇంకాస్త మైదా చల్లాలి. ఉప్పు తగ్గిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. మూత గట్టి డబ్బాలో వారం ఉంటుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి తిననివ్వకండి.

బలపం ఇచ్చే దశ వచ్చినప్పుడు పొడవుది కాకుండా అంగుళం ముక్క ఇవ్వండి. పిడికిలికి అందదు కాబట్టి మూడు వేళ్లే పట్టుకోవాలి. పట్టు దానంతటదే కుదురుతుంది. అక్షరాలు కూడా వర్ణమాల వరసలో కాకుండా ఆకారాన్ని బట్టి జట్లుగా చెబితే తేలిక. వ నుంచి మ, ప నుంచి ష, ద నుంచి ధ, థ. నోటితో వర్ణమాల వరస పాడించుకోండి, అభ్యంతరం లేదు. చేతికి మాత్రం వరస వేరు.

తల్లిదండ్రులకు మాటలకన్నా కాగితం ఎక్కువ నచ్చచెబుతుంది. జూన్‌లో పిల్ల గీసిన పిచ్చిగీత తేదీ వేసి దాచండి. అక్టోబరులో గీసింది పక్కన పెట్టి చూపించండి. యాజమాన్యానికి చూపించడానికి 2022 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఉంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అనీ, ఆటే దాని పద్ధతి అనీ అందులో స్పష్టంగా ఉంది.

ప్రశ్న: మా తరగతిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఐదారుగురు. నెలైనా నోరు విప్పరు. తల్లులతో ఇంట్లో తెలుగే మాట్లాడమని చెప్పమంటారా? (కడప)

వద్దు. ఇంటి భాష గట్టిగా ఉంటేనే దాని మీద రెండోది నిలుస్తుంది. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు వింటూ మౌనంగా ఉండటం మామూలే. ‘చెప్పు, చెప్పు’ అని నిలబెడితే ఆ మౌనం ఇంకా సాగుతుంది. పిల్లకు అవసరమైన పది మాటలు మీరే ఉర్దూలో నేర్చుకోండి: పానీ, భూక్, దర్ద్, అమ్మీ లాంటివి. ప్రశ్న అడిగితే మాటతో కాకుండా వేలితో చూపే జవాబు కూడా ఒప్పుకోండి. వారానికొకసారి ఒక తల్లిని పిలిచి వాళ్ల పాట పాడించండి. రాయదుర్గం వైపు కన్నడ పిల్లలకూ, తండాల నుంచి వచ్చే సుగాలి పిల్లలకూ ఇదే పద్ధతి. అయితే ఇంట్లో తన భాషలో కూడా మాట్లాడకపోతే అది వేరు. ముందు వినికిడి పరీక్ష చేయించమని చెప్పి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి పంపండి.

ప్రశ్న: నేను మగవాణ్ణి. ఈ రంగంలోకి రావచ్చా? (గుంతకల్లు)

అంగన్వాడీ కార్యకర్త పోస్టు మహిళలకే. డీఎల్ఎడ్, ఇగ్నో డిప్లొమా అందరికీ. ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేయాలనుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేయండి, ఆ పనిలో మగవాళ్లకు చోటుంది. ప్రైవేటు ప్లేస్కూళ్లు మాత్రం చాలావరకు ఆడవాళ్లనే తీసుకుంటాయి. వెళ్లేముందే ఫోన్ చేసి అడిగితే తిరగడం తప్పుతుంది.

ప్రశ్న: వచ్చే వారం ఇంటర్వ్యూ. పది నిమిషాలు డెమో క్లాసు చెప్పమన్నారు. ఏం తీసుకుపోవాలి? (అనంతపురం)

చార్టు వద్దు. ఒక గుడ్డ సంచిలో ఐదు వస్తువులు: గరిటె, చింతకాయ, గంట, ఉన్ని ముక్క, నున్నటి రాయి. పిల్లలను అర్ధచంద్రంలో కూర్చోబెట్టి ఒక్కొక్కరిని చెయ్యి పెట్టి చూడకుండా చెప్పమనండి. మొదటి నిమిషం చిన్న పాట, ఆరు నిమిషాలు సంచి, రెండు నిమిషాలు బయట పెట్టిన వస్తువులను గరుకు, నునుపు అని రెండు జట్లు చేయించడం, చివరి నిమిషం పిల్లలతోనే అన్నీ సంచిలో సర్దించడం. డెమోలో ఎక్కువమంది పొరపడేది రెండు చోట్ల. ఒకటి, పెద్దల బెంచీ వైపు చూస్తూ మాట్లాడటం. రెండు, తప్పు చెప్పిన పిల్లను ‘కాదు’ అని దాటేసి పక్కపిల్లను అడగటం. గంటను ‘గ్లాసు’ అంటే ‘గ్లాసులాగే చల్లగా ఉంది కదూ, ఒకసారి ఊపి చూడు’ అనండి. ఎవరైనా ఏడిస్తే డెమో పాడైందని కంగారుపడకండి. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, సంచి పట్టుకునే పని అప్పగించి పాఠం సాగించండి. జీతం, పని గంటలు, సెలవులు రాసిచ్చే నియామక పత్రం గురించి డెమో అయ్యాక, చేరకముందే అడగండి.