నాలుగు నెలల దగ్గు, మెట్లెక్కితే గుండెల మీద బరువు: అంతా బొగ్గు దుమ్ము వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 54. విశాఖపట్నం జ్ఞానాపురంలో చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను, ఇల్లు కూడా అక్కడే. మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు పొడి పడుతుంది. నాలుగు నెలలుగా పొడి దగ్గు, తెల్లవారుజామున మరీ ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం, గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన సిరప్, చిన్న తెల్ల మాత్రలు వేసుకుంటే నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలవుతోంది. ఇప్పటికి ఐదారుసార్లు కొన్నాను. సిగరెట్ మానేసి ఆరేళ్లయింది. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఇంట్లోకి ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా? లేక ఇల్లు మారిపోవాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ప్యూరిఫయర్ సంగతి చివర్లో చెప్తాను. మీ ఉత్తరంలో నన్ను ముందు కంగారు పెట్టింది, మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం. మెట్లెక్కితే గుండెల మీద బరువు, కూర్చుంటే తగ్గడం. 54 ఏళ్ల వయసు, బీపీ, ఒకప్పటి సిగరెట్ కలిసి ఉన్న మనిషి ఈ మాట చెబితే దాన్ని దుమ్ము ఖాతాలో వేసి ఊరుకోలేం. గుండె జబ్బేనని నేను అనడం లేదు, కాదని తేలాలి అంటున్నాను. రేపో ఎల్లుండో గుండె డాక్టర్‌ను కలవండి, వాయిదా వేయొద్దు. మామూలు ఈసీజీ బాగానే ఉందని ఇంటికి వచ్చేయకండి. పడుకోబెట్టి తీసే ఈసీజీలో ఇలాంటి బరువు చాలాసార్లు పట్టుబడదు. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా కాదా అన్నది ఆయన చూసి చెప్తారు. అప్పటిదాకా బరువులు మోయొద్దు. కూర్చున్నా బరువు తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

గాలి కాలుష్యానికీ గుండెకూ సంబంధం ఏమిటని చాలామంది అడుగుతారు. పీఎం 2.5 అనే కణాలు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అవి ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతాయి. అక్కడ వాపు పుట్టిస్తాయి, మరీ సన్నవి రక్తంలోకీ చేరతాయి. రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఇంటి లోపలి పొగ, బయటి కాలుష్యం కలిపి ఏటా సుమారు 70 లక్షల మంది అకాల మరణం పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటిలో పెద్ద భాగం గుండె జబ్బులు, పక్షవాతాలే. బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది కూడా 2013లోనే.

మీ మేడ మీద పడే నల్ల పొడి కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దానికి భయపడుతున్నారు. అదీ మంచిది కాదు, ముక్కును, శ్వాసనాళాలను రేపుతుంది. కానీ రోడ్డు మీద వెళ్లే లారీల డీజిల్ పొగ, ఫ్యాక్టరీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ చాలావరకు కంటికి కనపడని కణాలు. పైగా విశాఖ కొండల మధ్య గిన్నెలా ఉన్న ఊరు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక ఆ పొగంతా కిందే నిలిచిపోతుంది. వాకింగ్ అలవాటుంటే ఆ వేళ లారీల రోడ్డు మీద మాత్రం వద్దు. ఫోన్‌లో గాలి నాణ్యత ‘సంతృప్తికరం’ అని చూపిస్తే నిశ్చింతగా ఉండిపోకండి. పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం తన పరిమితిని 2021లో 5కి తగ్గించింది.

ఇక ఆ చిన్న తెల్ల మాత్రలు. చూడకుండా కచ్చితంగా చెప్పలేను గానీ, వేసుకోగానే హాయి, ఆపగానే మళ్లీ దగ్గు అంటే అవి స్టెరాయిడ్లు అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇలా చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కుని, షుగర్ మూడొందలు దాటాక నా దగ్గరకు వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఆస్తమా బాగా ముదిరినప్పుడు అదే ప్రాణం కాపాడుతుంది, మేమూ రాస్తాం. కానీ జబ్బేమిటో తేలకుండా వాడితే అది జబ్బును కప్పేస్తుంది. బీపీ, షుగర్ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. లోపల టీబీ ఉంటే చెలరేగిపోతుంది. కొన్ని షాపుల్లో దాంతోపాటు లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. అది టీబీని కొద్దిగా అణచి, పరీక్షలో దొరక్కుండా చేస్తుంది. రోగి బాగుపడ్డానని అనుకుంటాడు, నెలలు గడిచిపోతాయి. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా టీబీ పరీక్ష చేయించాలి. మీది నాలుగు నెలలు! ఇన్నాళ్లు ఆగడం మాత్రం తప్పే, ఏమీ అనుకోకండి. సిగరెట్ మానేయగలిగిన మనిషికి ఆసుపత్రికి ఒక పూట వెళ్లడం కష్టమా?

ఒక జాగ్రత్త. ఇది చదివి ఆ మాత్రలు ఈరోజే ఒక్కసారిగా ఆపేయకండి. వరుసగా కొన్ని వారాలు వాడి ఉంటే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారు చేసుకోవడం తగ్గించేస్తుంది. అలాంటప్పుడు హఠాత్తుగా ఆపితే ప్రమాదం. డాక్టర్‌కు చూపించి, ఆయన చెప్పినట్టు తగ్గించుకోండి.

ఛాతీ డాక్టర్ దగ్గర ఎక్స్‌రే, కళ్లె పరీక్ష, షుగర్, స్పైరోమెట్రీ చేయించండి. కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. స్పైరోమెట్రీ అంటే గొట్టంలోకి గట్టిగా ఊదడమే. ఆస్తమానా, పాత సిగరెట్ల వల్ల వచ్చిన సీఓపీడీనా (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) అన్నది తేలడానికి అది కావాలి. ఇన్‌హేలర్ రాస్తే అలవాటైపోతుందని భయపడొద్దు. అందులోని మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మీరు మింగుతున్న మాత్రలతో పోలిస్తే చాలా తక్కువ.

బీపీ మాత్ర పేరు రాయలేదు. రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటి, పేరు చివర ‘ప్రిల్’ వచ్చే మందులు కొందరికి ఇలాంటి పొడి దగ్గే తెస్తాయి. మీది అదే అయితే డాక్టర్ వేరే మందుకు మారుస్తారు. మీరుగా మానేయొద్దు, బీపీ పెరిగితే గుండెకు మరో ముప్పు.

ప్యూరిఫయర్ కొనాలనుకుంటే సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది, గది కొలతకు సరిపోయేది చూడండి. ఓజోన్ విడుదల చేసేవి వద్దు. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో దాని వల్ల పెద్ద ఉపయోగం ఉండదు. మీ ఉక్కపోతలో పడకగది ఒక్కటీ మూసుకుని వాడగలిగితేనే ఆ డబ్బు పెట్టండి, అదీ పరీక్షల ఖర్చు పోగా మిగిలితేనే. చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. దోమల చక్రాలు, సాంబ్రాణి పొగ ఆపండి. బయట ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 పెట్టుకోండి. చేతిరుమాలు సన్నని కణాలను ఆపలేదు. మాస్క్ పెట్టుకుని ఆయాసం పెరిగితే తీసేయండి. ఇల్లు మారడం గురించి ఇప్పుడే ఆలోచించకండి, రిపోర్టులు రానివ్వండి.

వెళ్లేటప్పుడు ఆ సిరప్ సీసా, మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, బీపీ మందు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఎన్ని రోజులు వాడారో చీటీ మీద రాసుకోండి.