ఎక్కే దారి చూసుకుని దిగు

తల్లీ,

మునిగిన ఓడ దగ్గర డైవ్ ఖాయమైందనీ, ఆ రోజు సముద్రం అల్లకల్లోలంగా ఉండేలా ఉందనీ రాశావు. "దిగగలనంటావా పెదనాన్నా?" అని అడిగావు. దిగడం పెద్ద పని కాదమ్మా. తిరిగి పడవ ఎలా ఎక్కుతావో ముందు ఆలోచించు. అంత అలలో నిచ్చెన పట్టుకోలేననిపిస్తే, సూటు వేసుకున్నాక కూడా మానేయవచ్చు. మానేద్దామని ఒక్కరన్నా మిగతావాళ్లు కారణం అడగకూడదు.

వాతావరణ సూచనలో అందరూ అల ఎత్తే చూస్తారు. నువ్వు అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో చూడు. అల పొడవులో దాదాపు సగం లోతు దాకా నీళ్లు ఊగుతాయి. 5 సెకన్లకో అల వస్తుంటే ఆ ఊపు 20 మీటర్ల దగ్గర ఇంచుమించు ఆగిపోతుంది. 10 సెకన్లకో అల అయితే, పైన సముద్రం మెత్తగా కనిపించినా 30 మీటర్ల లోతున్న ఓడ మీద కూడా నిన్ను ముందుకీ వెనక్కీ లాగుతుంది. ఇరుకు తలుపుల్లో ఆ లాగుడు ఇంకా ఎక్కువ. తుప్పు రేకులు కత్తుల్లా ఉంటాయి, మడ్డి లేచిందంటే నీ చెయ్యి నీకే కనపడదు. అలాంటి రోజు ఓడ లోపలికి వెళ్లకు. ఎంత శిక్షణ ఉన్నా సరే, నా మాట విను. బయటి నుంచి చూసినా ఓడ ఓడే.

30 మీటర్ల దగ్గర పైకన్నా నాలుగు రెట్లు గాలి ఖర్చవుతుంది. అలల్లో ఈది ఆయాసంతో దిగితే ఇంకా ఎక్కువ. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్‌తో దిగితే 100 దగ్గరే పడవ లంగరు తాడు వైపు తిరుగు.

అసలు కష్టం పైకి వచ్చేటప్పుడు, ఒంట్లో చేరిన నత్రజని పోయేందుకు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం. పడవ లేచినప్పుడల్లా తాడు గుంజుతుంది. ఒకసారి దాన్ని గట్టిగా కావలించుకుని వేలాడాను, వారం రోజులు భుజం ఎత్తలేకపోయాను. రెండు మీటర్ల చిన్న తాడు లంగరు తాడుకి తగిలించి దాని కొస పట్టుకో. 6 మీటర్ల దగ్గర ఆగినా ఫర్వాలేదు.

పైకి వచ్చాక ముందువాళ్లు ఎక్కుతుంటే నిచ్చెన కింద ఉండకు. పట్టు తప్పితే సిలిండర్‌తో సహా నీ మీదే పడతారు. పడవలో కూర్చునే దాకా మాస్క్, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ తీయకు. నీళ్లలో ఉండగా వాంతి వచ్చినా రెగ్యులేటర్‌లోకే చేసుకో, బయటికి పోతుంది. తర్వాత దాని మీద గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కి శుభ్రం చేసుకో. వికారానికి మాత్ర వేసుకునేటట్టయితే ముందే డాక్టరుని అడిగి, ఒడ్డున ఉన్న రోజే ఒకసారి వేసుకుని చూడు. మత్తు వస్తే అది డైవ్‌కి పనికిరాదు.

ఆ పూట పొద్దున అలల లెక్క చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న