చప్పుడు లేని కంప్యూటర్‌కు ఏ ఫ్యాన్లు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొత్తగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుంటున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు అనుకున్నాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే పెద్ద గది. రాత్రి నేను పని చేసుకుంటుంటే అమ్మ, నాయన అక్కడే పడుకుంటారు. షాపులో రంగురంగుల లైట్ల ఫ్యాన్లు నాలుగు కలిపి ఒక ప్యాకెట్ చౌకగా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (డిగ్రీ విద్యార్థి, నల్లగొండ)

జవాబు: ఆ ప్యాకెట్ తీసుకోవద్దు. కారణం లైట్లు కాదు, వైరు. ఇలాంటి ప్యాకెట్లలో చాలా వాటిని నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టెకు) తగిలిస్తారు. మదర్‌బోర్డుతో సంబంధం లేకుండా ఎప్పుడూ 12 వోల్టుల మీద, ఒకే వేగంతో తిరుగుతాయి. రాత్రి పూట వేగం తగ్గించాలన్నా వీలుండదు. రాత్రి చప్పుడు వద్దనుకునేవాళ్లకు వేగం తగ్గించగలగడమే అన్నిటికన్నా ముఖ్యం.

మీకు ఎంత గాలి కావాలో ముందు లెక్క వేద్దాం. గేమ్ నడుస్తుంటే ప్రాసెసర్ గరిష్ఠంగా 76 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు, బోర్డు, డ్రైవులు, ఎస్‌ఎంపీఎస్‌లో వృథా కలిపితే మొత్తం 230 వాట్లు అనుకోండి. ఇదంతా వేడిగా క్యాబినెట్‌లోంచి బయటకు పోవాలి. వాట్లను 1.76తో గుణించి, గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కితే మనకు ఫర్వాలేదో దానితో భాగిస్తే కావాల్సిన గాలి సీఎఫ్‌ఎంలో (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులో) వస్తుంది. 10 డిగ్రీలకు ఒప్పుకుంటే మీకు 40 సీఎఫ్‌ఎం చాలు. డబ్బా మీద వేసే అంకె మాత్రం ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, డస్ట్ ఫిల్టరు, లోపలి వైర్లు దాటేసరికి అందులో సగం మిగిలితే గొప్ప.

ఆర్కిటిక్ పీ12 లాంటి 120 మిల్లీమీటర్ల ఫ్యాను 1800 ఆర్‌పీఎం (నిమిషానికి 1800 చుట్లు) దగ్గర 56 సీఎఫ్‌ఎం ఇస్తుంది. గాలి వేగంతో పాటు సమంగా తగ్గుతుంది కాబట్టి 900 దగ్గర 28. ముందువైపు రెండు ఫ్యాన్లు లోపలికి లాగితే డబ్బా లెక్కన 56, నిజానికి 28 నుంచి 30. గేమ్ ఆడేటప్పుడు లోపలి గాలి గది కంటే 13, 14 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అవే ఫ్యాన్లను 1800కు లేపితే ఈ తేడా 7 డిగ్రీలకు దిగుతుంది. అంటే వేగం రెట్టింపు చేసి మీరు సంపాదించింది 7 డిగ్రీలు. దానికి పడే మూల్యం సుమారు 15 డెసిబెల్. 10 డెసిబెల్ పెరిగితేనే మన చెవికి చప్పుడు రెట్టింపైనట్టు ఉంటుంది. పడుకున్నవాళ్లను లేపేది ఈ 15 డెసిబెల్లే. ఆ 7 డిగ్రీలు తగ్గించినందువల్ల మీ గేమ్ వేగమేమీ పెరగదు.

మే నెల సంగతి వేరు. బయట 44, 45 ఉన్నప్పుడు ఎయిర్ కూలర్ పెట్టినా గది 36, 38 దగ్గర ఉంటుంది. అప్పుడు లోపలి గాలి 50 దాటుతుంది కాబట్టి మధ్యాహ్నం గేమ్ ఆడేటప్పుడు ఫ్యాన్లను 1200 వరకు పోనివ్వండి. రాత్రి చదువుకు, బ్రౌజింగ్‌కు మొత్తం 60 వాట్లకు మించదు. 600 ఆర్‌పీఎం చాలు. ఆ వేగంలో గది సీలింగ్ ఫ్యాను చప్పుడులో ఇది కలిసిపోతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తాం. కనెక్టరుకు నాలుగు పిన్నులుండాలి, అంటే పీడబ్ల్యూఎం రకం, బోర్డు పంపే సంకేతాన్ని బట్టి వేగం మార్చుకునేది. పెట్టె మీద గరిష్ఠ వేగంతో పాటు కనిష్ఠ వేగం కూడా రాసి ఉండాలి; 500 కంటే కిందికి దిగేది మీకు పనికొస్తుంది. బేరింగ్ ఫ్లూయిడ్ డైనమిక్ రకమై (నూనె పొర మీద తిరిగేదై) ఉండాలి. మందం 25 మిల్లీమీటర్లు. క్యాబినెట్‌కు 140 మిల్లీమీటర్ల ఫ్యాను పడితే ముందువైపు అవే వేయండి, అదే గాలిని ఇంకా నిదానంగా తిరిగి ఇస్తాయి. 120 ఫ్యాను బోల్టు రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు, 140 దానికి 124.5. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12ఎక్స్25 లాంటి ఖరీదైన ఫ్యాన్లు నిజంగానే మంచివి: 450 నుంచి 2000 ఆర్‌పీఎం, పూర్తి వేగంలో 22.6 డెసిబెల్, రెక్క చివరకూ ఫ్రేముకూ మధ్య సందు అర మిల్లీమీటరే. కానీ మీ బడ్జెట్‌లో ఆ డబ్బు ప్రాసెసర్ కూలర్ మీద పెట్టడం మేలు. 5600తో పాటు డబ్బాలో వచ్చే చిన్న కూలరే మీ కంప్యూటర్‌లో అన్నిటికంటే ఎక్కువ అరుస్తుంది. దాన్ని తీసి 120 ఫ్యానున్న టవర్ కూలర్ (ఎత్తుగా లేచిన లోహపు రేకులకు ఫ్యాను తగిలించినది) వేయండి. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు. క్యాబినెట్ పక్క తలుపు మూతపడుతుందో లేదో ముందే స్పెసిఫికేషన్‌లో చూసుకోండి.

ఫ్యాన్లు ముందు రెండు, వెనక ఒకటి. నాలుగోది వద్దు. పైకప్పులో ముందువైపు బయటకు నెట్టే ఫ్యాను పెడితే ఇప్పుడే లోపలికొచ్చిన చల్లగాలిని ప్రాసెసర్‌కు అందకుండానే బయటకు తోసేస్తుంది. మోటారును పట్టుకునే కడ్డీలున్న వైపు నుంచి గాలి బయటకు వస్తుంది, రెక్కలు తెరిచి కనిపించే వైపు లోపలికి లాగుతుంది. బిగించేముందు ఇది చూసుకోకపోతే రెండు ఫ్యాన్లు ఒకదాని గాలిని ఇంకొకటి కొట్టుకుంటాయి. క్యాబినెట్ ముందు భాగం జాలీదే తీసుకోండి. అద్దం ఉన్నదైతే గాలి పక్క సందుల్లోంచి దూరాలి. అదే గాలికి ఫ్యాను ఎక్కువ వేగంతో తిరగాలి.

ప్రశ్న: ఫొటో స్టూడియో నడుపుతున్నాం. ఫ్యాన్లు అన్నీ మంచివే వేయించాం. అయినా ఒక ఫొటో తెరిస్తే చాలు, ఊఁ అని మొత్తుకుంటాయి, మళ్లీ దిగుతాయి. రోజంతా ఇదే. గిరాకీలు కూడా అడుగుతున్నరు. (స్టూడియో యజమాని, మహబూబ్‌నగర్)

జవాబు: ఫ్యాన్లు మార్చకండి, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) ఫ్యాను గీత మార్చండి. ఎంత వేడికి ఫ్యాను ఎంత వేగంతో తిరగాలో చెప్పేదే ఈ గీత. ఫొటో తెరవగానే ప్రాసెసర్ చిప్‌లోని ఉష్ణోగ్రత ఒక్క సెకనులో 15, 20 డిగ్రీలు ఎగురుతుంది. పైనున్న కూలర్ లోహం మాత్రం అంత తొందరగా వేడెక్కదు. బోర్డు చిప్ అంకెను నమ్మి ఫ్యాన్లను లేపుతుంది. ఫ్యాను వేగమందుకునే లోపే పని అయిపోతుంది. ఆ చప్పుడు వల్ల చల్లబడేదంటూ ఏమీ లేదు.

ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. ఆసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అని ఉంటుంది. ముందుగా మోడ్ చూడండి: నాలుగు పిన్నుల ఫ్యానుకు పీడబ్ల్యూఎం, మూడు పిన్నులదానికి డీసీ. నాలుగు పిన్నులదాన్ని డీసీలో పెట్టి వోల్టేజీ మరీ తగ్గిస్తే కొన్ని ఫ్యాన్లు ఆగిపోతాయి. మూడు పిన్నులదాన్ని పీడబ్ల్యూఎంలో పెడితే ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. తర్వాత స్టెప్ అప్ సమయాన్ని (వేడి పెరిగాక ఫ్యాను వేగమందుకోవడానికి ఇచ్చే సమయాన్ని) బోర్డు ఒప్పుకున్నంత పెంచండి, 3 సెకన్లకు తగ్గనివ్వద్దు. దిగే సమయం అంతకంటే ఎక్కువ ఉండాలి.

ఇక గీత. ఇంటర్నెట్‌లో దొరికే అంకెలు చాలావరకు గది 20, 22 డిగ్రీలున్న దేశాల వాళ్లు పెట్టుకున్నవి. 40 డిగ్రీల దగ్గర ఎక్కడం మొదలయ్యే గీత మనకు ఎండాకాలంలో పొద్దంతా ఎక్కే ఉంటుంది, ఎందుకంటే ఏ పనీ లేకున్నా మన ప్రాసెసర్ 50 దగ్గర ఉంటుంది. దాన్ని ఎక్కువ వేడి వైపు జరపాలి. 60 డిగ్రీల వరకు 30 శాతం, అడ్డంగా. 70కి 45 శాతం, 80కి 65, 88కి 100. క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ సెన్సర్‌కు కాకుండా మదర్‌బోర్డు సెన్సర్‌కు కట్టండి, అది నిదానంగా కదులుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇంత సర్దుకున్నాక ఒకరోజు పొద్దున మళ్లీ పాత అరుపు మొదలైతే, గడియారం కూడా తప్పు చూపిస్తుంటే, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. కరెంటు పూర్తిగా పోగానే బయోస్ తన సొంత సెట్టింగులకు వెళ్లిపోతుంది. బ్యాటరీ మార్చి గీత మళ్లీ పెట్టండి. అంకెలు కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించుకుంటే మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

ప్రశ్న: చీరల డిజైన్లు కంప్యూటర్‌లో గీస్తాం. పక్క గదిలోనే మగ్గాలున్నయి. కొన్నప్పుడు చప్పుడే లేదు, ఆర్నెల్లు కాకముందే మస్తు మోత. (గద్వాల)

జవాబు: అది నూలు నూగు. సన్నటి పోగులు కూలర్ రేకుల మధ్య దిండులా పేరుకుంటాయి. గాలి ఆగిపోతుంది, వేడి పెరుగుతుంది, ఫ్యాన్ల వేగం పెరుగుతుంది. ఫ్యాను పాతబడింది అనుకుని కొత్తది కొన్నా అదే మోత. పరీక్ష తేలిక: ముందు ఫిల్టరు తీసేసి పావుగంట అదే పని చేయండి. ప్రాసెసర్ వేడి 5 డిగ్రీలకు మించి పడితే ఫిల్టరు మూసుకుపోయినట్టే. పడకపోతే లోపలి రేకులు చూడండి.

మీలాంటి చోట లోపలికి లాగే గాలి, బయటకు నెట్టే గాలి కంటే ఎక్కువ ఉండాలి. వెనక ఫ్యానును ముందువాటి కంటే తక్కువ వేగంలో పెట్టండి. అప్పుడు సందుల్లోంచి గాలి బయటకే పోతుంది, నూగు ఫిల్టరు దగ్గరే చిక్కుకుంటుంది. ఫిల్టరు 15 రోజులకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు కరెంటు తీసేసి, ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి. వదిలేస్తే అది తన హద్దు దాటిన వేగంతో తిరిగి బేరింగ్ చెడుతుంది, పైగా తిరిగే మోటారు కరెంటు పుట్టించి బోర్డు వైపు పంపుతుంది. ఎయిర్ కూలర్ గాలి క్యాబినెట్‌కు సూటిగా తగలనివ్వకండి. తడి తగిలిన నూగు రేకుల మీద అట్టకట్టుకుని, ఆపైన బ్లోయరుకు లొంగదు. బ్రష్షుతో గీకాల్సి వస్తుంది.

ప్రశ్న: ఇంట్లోనే జానపద పాటలు రికార్డు చేస్తాను. ఫ్యాన్లు 900 మీదే తిరుగుతున్నా మైకులో ఊం... ఊం... అని అలలుగా వినిపిస్తోంది. (సూర్యాపేట)

జవాబు: రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంతో తిరుగుతున్నాయి. ఏడు రెక్కల ఫ్యాను 900 దగ్గర సెకనుకు 105 సార్లు గాలిని కోస్తుంది, 930 దగ్గర 108.5 సార్లు. ఈ రెండూ కలిస్తే సెకనుకు మూడున్నర సార్లు చప్పుడు లేచి పడుతుంది. ఒకదాన్ని 750కి దించండి, అల పోతుంది. ఇంకా బొంయ్ మని మిగిలితే క్యాబినెట్ రేకు మీద చెయ్యి గట్టిగా అదిమి చూడండి. చప్పుడు తగ్గితే రేకు ఆ వేగానికి కంపిస్తోందన్నమాట. స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వేయండి, లేదా ఆ వేగం వైపు పోకుండా గీతలో దాటేయండి. కంప్యూటర్‌ను మైకుకు ఉన్న దూరానికి రెట్టింపు జరిపితే సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది, గోడల ప్రతిధ్వని ఎక్కువున్న గదిలో అంత రాదు. కార్డియాయిడ్ మైకైతే (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) దాని వీపు క్యాబినెట్ వైపు ఉండాలి. కీచుమనే సన్నటి శబ్దం ఉంటే అది ఫ్యానుది కాదు, గ్రాఫిక్స్ కార్డు కాయిల్‌ది. ఏ ఫ్యాను మార్చినా పోదు.

ప్రశ్న: ప్రాసెసర్‌కు నీళ్ల కూలర్ వేస్తే చప్పుడు ఉండదా? (వనపర్తి)

జవాబు: ఉంటుంది. ఆ వేడి కూడా రేడియేటరు దగ్గర ఫ్యాన్లతోనే పోవాలి. పంపు చప్పుడు అదనం, అది ఏ పనీ లేనప్పుడు కూడా ఆగదు. 65 వాట్ల ప్రాసెసర్‌కు టవర్ కూలరే నిశ్శబ్దంగా ఉంటుంది. 200 వాట్లు దాటేవాటికి మాత్రం ఆలోచించవచ్చు. అప్పుడు 140 ఫ్యాన్లు పట్టే 280 మిల్లీమీటర్ల రేడియేటరు ఎంచుకోండి.

ప్రశ్న: మిల్లు ఆఫీసులో పాత కంప్యూటర్ ఫ్యాను గర్రుగర్రుమంటోంది. రెండు చుక్కలు కొబ్బరినూనె వేస్తే పోతుందని మెకానిక్ అన్నాడు. వెయ్యమంటారా? (మిర్యాలగూడ)

జవాబు: వెయ్యకండి. కొబ్బరినూనె 24 డిగ్రీల చుట్టుపక్కలే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున ఫ్యాను తిరగలేక ఆగిపోతుంది, ప్రాసెసర్ వేడెక్కి కంప్యూటర్ దానంతటదే ఆరిపోతుంది. వెంటనే కొత్త ఫ్యాను దొరకకపోతే స్టిక్కరు లేపి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి పని నడిపించుకోవచ్చు. బేరింగ్ అరిగిపోయింది కాబట్టి అది కొద్ది వారాల మాటే. గర్రుమనేది ఏ ఫ్యానో తెలియకపోతే కంప్యూటర్ ఆపి, ఒక్కో క్యాబినెట్ ఫ్యాను వైరు పీకి, ఆన్ చేసి వినండి. ప్రాసెసర్ ఫ్యాను మాత్రం పీకవద్దు. చప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోంచి వస్తే దాన్ని విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. మొత్తం యూనిట్టే మార్చండి.

కొత్తది కొనేటప్పుడు, ఫ్యాను పైకప్పులో పడుకోబెట్టి బిగించే చోటైతే మామూలు స్లీవ్ బేరింగ్‌ది తీసుకోవద్దు. అలా అడ్డంగా, వేడిలో తిరిగితే దాని నూనె తొందరగా ఎండిపోతుంది. పాత ఫ్యానును విప్పి షాపుకు వెంట తీసుకెళ్లండి, సైజు, మందం, పిన్నులు అక్కడే పోల్చుకోవచ్చు.