నులిపురుగులకు పల్స్ మెషిన్ కొనకు చెల్లెమ్మా

పర్లాకిమిడిలో ఎవరో మీ ఆరేళ్ల బాబుకి నులిపురుగులు పోతాయని పల్స్ మెషిన్ అంటగడుతున్నారని రాశావు. దయచేసి కొనకు. అది అమెరికాలో ప్రత్యామ్నాయ వైద్యం చేసిన హుల్డా క్లార్క్ అనే ఆవిడ ప్రచారం చేసిన ‘జాపర్’ అనే మెషిన్ లాంటిదే. రెండు రాగి గొట్టాలు చేతుల్లో పట్టుకుంటే 9 వోల్టుల బ్యాటరీ నుంచి సన్నని కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. దాంతో పేగుల్లో పురుగు చస్తుందనడానికి రుజువు లేదు. ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ ఉంటే ఆ మెషిన్‌ని అసలు ముట్టుకోనివ్వకు, ప్రమాదం.

రాత్రిళ్లు వెనకవైపు దురదతో లేస్తున్నాడన్నావు కదా, అవి సన్నని తెల్ల దారాల్లాంటి పురుగులే అయ్యుంటాయి. టెన్షన్ పడకు. డాక్టరుకి చూపించు. సాధారణంగా ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలిస్తారు, రెండు వారాలకి మళ్లీ ఒకటి. డాక్టరుని అడిగి ఇంటిల్లిపాదీ వేసుకోవాలి, లేకపోతే మళ్లీ అంటుకోవచ్చు. గోళ్లు కత్తిరించు, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతుకు. మాత్ర ఉచితంగా దొరుకుతుందేమో ఆశా దీదీని అడుగు.